అమ్మవారి పేరున అత్త గొర్రెలు

మా వంశంలో ముసలితనం కోసం దాచుకునే అలవాటు ఎవరికీ లేదు. మా తాత తాను తొందరగా పోతానని గట్టిగా నమ్మి ఏమీ దాచుకోలేదు. ఎనభై దాటినా పోలేదు. పూటకో కొడుకు ఇంట్లో సంగటి తింటూ, ఏ కోడలు ఎంత నెయ్యి వేసిందో ఇంకో కోడలికి చెబుతూ హాయిగా కాలక్షేపం చేశాడు. మా నాయన ఎమ్మిగనూరులో మగ్గం నేసేవాడు. "కొడుకులుండంగ దాచుకునేదేంటికి?" అనేవాడు. ఆ కొడుకుల్లో నేనొకణ్ణి. నా సంగతి నాకు తెలుసు కాబట్టి ఆయన మీద నాకు అప్పట్లోనే జాలి వేసేది.

ఈ వంశంలో పుట్టి కూడా దాచుకున్న మనిషి మా మేనత్త ఒక్కతే. ఆమె పెళ్లయిన రెండేళ్లకే భర్త పోయాడు. పిల్లల్లేరు. అత్తింటివాళ్లు పొమ్మన్నారు, పుట్టింటివాళ్లు రమ్మనలేదు. ఇరవై ఏళ్ల వయసులో ఆదోనికి వచ్చి పత్తి ఫ్యాక్టరీలో కూలికి చేరింది. తెల్ల పత్తిలోంచి పచ్చబడిన పత్తినీ ఆకుముక్కల్నీ ఏరడం ఆమె పని. పొద్దున నల్ల జుట్టుతో పోయి సాయంత్రం తెల్ల జుట్టుతో వచ్చేది. తలంటుకుంటే మళ్లీ వయసు తిరిగి వచ్చేది గానీ ఊపిరితిత్తులకు తలంటు లేదు కదా. నేను ఎరిగినప్పటినుంచీ ఆమెకు ఒక దగ్గు ఉండేది. రెండు పొడి దగ్గులు, ఒక ఈల, మళ్లీ ఒక దగ్గు. చీకట్లో కూడా ఆ దగ్గు విని, అదిగో అత్త వస్తోంది అనేవాళ్లం.

ఆ ఫ్యాక్టరీలో చేరిన కొత్తలోనే ఒక ముసలి కూలీ, చూపు సరిగ్గా ఆనక పని మానిపించుకుని, గేటు దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్లను టీకి డబ్బులడగడం అత్త చూసింది. ఆ రోజునుంచి ఆమెకు ఒకటే పట్టు. చేతులు పనికి రాకుండా పోయిన రోజున తన కూడు తను తినాలి. తమ్ముళ్ల గడప ఎక్కకూడదు. ఆ తర్వాత మా తాత పూటకో ఇంట్లో తినడం కళ్లారా చూశాక ఆ పట్టు ఇంకా బిగిసింది.

అందుకని ఆమె ఏం చేసిందంటే, మొదటి కూలి డబ్బుల్లోంచి మిగిల్చి ఒక ఆడ గొర్రెపిల్లను కొన్నది. పెద్దకడుబూరు దగ్గర పల్లెలో మంద ఉన్న ఒక కాపరికి సగం పాలుకు ఇచ్చింది. మా వైపు అదొక ఏర్పాటు. గొర్రె మనది, మేపేది అతను. పుట్టిన పిల్లల్లో సగం మనవి, సగం అతనివి. బొచ్చూ, ఎరువు కోసం చేలల్లో మంద కట్టినందుకు రైతులిచ్చే గింజలూ అతనికే. కాగితం లేదు, సాక్షి లేదు. మన గొర్రె చెవికి ఒక గుర్తు కోత పెడతారు, అంతే.

డెబ్బైల మొదట్లో నాకు ఆదోనిలో ఒక పత్తి మండీలో గుమాస్తా ఉద్యోగం దొరికింది. అత్త ఉండే ఒంటిగది ఇంట్లోనే దిగాను. అప్పటికి ఆమెకు నలభై దాటుతున్నాయి, గొర్రెలు మాత్రం ఒక చిన్న గుంపయ్యాయి. నా మొదటి జీతం రోజున బొరుగుల ఉగ్గానీ, బజ్జీ పొట్లం కట్టించుకుని ఇంటికి పోయాను. అత్త బజ్జీ కొరుకుతూనే ఉపదేశానికి దిగింది.

"ఆడ గొర్రిపిల్లనొగదాన్ని కొని ఆ కాపరప్ప మందలో ఇడువు. నీకి ఇరవై ఏండ్లుండాయి. నువ్వు పండుకున్నా అది మేస్తాది, నువ్వు సినిమాకి పోయినా అది ఈనుతాది."

నేను చదువుకున్నవాణ్ణి కాబట్టి పోస్టాఫీసు గురించి చెప్పాను. అసలు మీద వడ్డీ, వడ్డీ మీద వడ్డీ, అంటూ చేతులూపుకుంటూ వివరించాను. ఆమె ఓపిగ్గా విన్నది.

"కాగితం ఈనుతాదా?" అని అడిగింది.

"ఈనుతాది అత్తా, కనపడకుండా ఈనుతాది."

"కనపడకుండా ఈనేది మీ చిన్నాయన అప్పొకటే," అన్నది.

నిజానికి నేను పోస్టాఫీసులోనూ వేయలేదు, మందలోనూ విడవలేదు. టెరిలిన్ ప్యాంటు కుట్టించుకున్నాను. కింద గంట ఆకారంలో అంత వెడల్పుండేది ఆ ప్యాంటు. దాంతో ఆదోని బజారంతా ఊడ్చుకుంటూ తిరిగాను.

అత్త గొర్రెలకు ఆమె పెట్టుకున్న నియమం ఒకటే. ఆడదాన్ని అమ్మకూడదు, కోయకూడదు. మగవాటిని సంతలో అమ్మి, ఆ డబ్బుతో ఇంకో ఆడపిల్లను కొనాలి. చీర చిరిగినా, ఇల్లు కారినా ఆ డబ్బు ముట్టుకోదు. పోయి చూసి రావడం కూడా తక్కువే. "ఊరికూరికె పోయి సూస్తే బుద్ధి పుడతాది, ఇది అమ్ముదాం అది అమ్ముదాం అని. దాని పాటికి దాన్ని ఇడిసిపెట్టల్ల," అనేది.

విడిచిపెట్టని మనిషి ఒకడున్నాడు. ఇందాక ఆమె ఎత్తిపొడిచిన మా చిన్నాయన, అంటే ఆమె చిన్న తమ్ముడు. ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి బస్సెక్కి వచ్చేవాడు. ఖాళీ సంచి తెచ్చి నిండు సంచి తీసుకుపోయే మనిషి. కొడుకు పుట్టెంట్రుకలకు ఒక పొట్టేలు అడిగాడు. ఇచ్చింది. బావమరిది వస్తున్నాడని ఇంకొకటి అడిగాడు. తిట్టి ఇచ్చింది. మూడోసారి అడగను కూడా అడగలేదు. నేరుగా పల్లెకు పోయి, అక్క పంపించిందని కాపరికి చెప్పి, ఒక గొర్రెను తోలుకుపోయాడు. అది ఆడది, చూలుతో ఉన్నది.

ఆ సంగతి తెలిసిన రోజు అత్త పనికి పోలేదు. ఆమె పనికి పోకపోవడం నేను అదే మొదటిసారి చూశాను. బస్సెక్కి ఎమ్మిగనూరు పోయింది. సెలవు పెట్టి నేనూ వెంట పోయాను, కొట్లాట చూద్దామని. చిన్నాయన అరుగు మీద కూర్చుని పుల్లతో పళ్లు కుట్టుకుంటున్నాడు.

"ఒగ గొర్రికి ఇంత రచ్చేంటికక్కా?" అన్నాడు.

"ఒగ గొర్రి యాడిదిరా? కడుపులో పిల్ల ఉండె. ఆ పిల్ల ఈనుండు. దాని పిల్లా ఈనుండు. నా ముసిల్తనంలో నాకి కూడు పెట్టేకి రావల్సినోల్లందర్నీ ఒగ పూటలో తినేస్తివి గదరా! కడుపా, చెరువా అది?"

వీధంతా నవ్వింది. చిన్నాయన కూడా నవ్వాడు. తిన్నది అరిగిపోయింది, ఇంక తిట్లేం చేస్తాయి? అత్త మాత్రం ఆ రోజే అర్థం చేసుకున్నది. కరువునుంచి గొర్రెలను కాపాడవచ్చు, రోగంనుంచి కాపాడవచ్చు, తమ్ముడినుంచి కాపాడడం తన వల్ల కాదు.

చిన్నాయన ఈ లోకంలో భయపడేది ఇద్దరికే. ఒకరు మా చిన్నమ్మ, రెండు ఎమ్మిగనూరులో మా వీధి అమ్మవారు. చిన్నమ్మ పేరు మీద గొర్రెలు పెడితే ఏమవుతుందో అత్తకు తెలుసు. కాబట్టి అమ్మవారిని ఎంచుకున్నది.

మా వీధిలో నాలుగైదేళ్లకోసారి దేవర జరుగుతుంది. అమ్మవారికి పొట్టేళ్లను బలిచ్చి ఊరంతా తింటారు. ఆ ఏటి దేవరలో, జనమంతా ఉన్నప్పుడు, అత్త పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల ముడుపు కట్టి గుడి వాకిట్లో నిలబడింది. "నా గొర్రెలన్నీ ఈ పొద్దుతో అమ్మోరివి. నావి కావు. ఎవురికన్న కావల్లంటే అమ్మోర్ని అడుగుకోండి," అని గట్టిగా చెప్పింది. చిన్నాయన మొహంలో రంగు పోయింది. అమ్మవారి సొత్తు తింటే కళ్లు పోతాయని మా వైపు అందరికీ తెలుసు. మా చిన్నాయనకు కళ్ల మీద ప్రేమ లేకపోయినా, కళ్లు లేకపోతే మాంసం ముక్కలెక్కడున్నాయో కనపడవు కదా.

ఆ రోజే, పక్కింటావిడకు పూనకం వచ్చి జుట్టు విరబోసుకుని ఊగుతుంటే, అత్త నా చెవిలో, "దీనికి పూనకం వచ్చేది మొగుడు సీర కొనియ్యని యేడే," అన్నది. భక్తిలో ఆమె అంతవరకే.

ఉపాయం పనిచేసింది. పొట్టేలు పేరెత్తడానికి కూడా అందరూ జంకారు. మధ్యలో ఒక ఏడు వానలు లేక మేత ఎండిపోయింది. కాపరి మందను హొళగుంద మీదుగా కాలువ కింది ఊళ్లకు తోలుకుపోయాడు. కొన్ని దారిలోనే చచ్చాయి. అత్త రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు, "ఉండేటివి ఈనుతాయిలే," అని పత్తి ఏరడానికి పోయింది. ఈనాయి కూడా. నాకు పెళ్లయింది, పిల్లలు పుట్టారు, గంట ప్యాంట్ల కాలం పోయి గొట్టం ప్యాంట్లు వచ్చాయి. నేను ప్యాంట్లు మార్చుకుంటూ ఉన్నంత కాలమూ ఆ గొర్రెలు ఎవరి ఊసూ లేకుండా పెరుగుతూనే ఉన్నాయి.

ఎనభైల చివర్లో ఫ్యాక్టరీవాళ్లు అత్తను ఇంక రావద్దన్నారు. దగ్గుతో ఆమె సగం పని కూడా చేయలేకపోతోంది. ఒక చీరా, ఒక స్టీలు డబ్బా ఇచ్చి పంపించారు. డబ్బాలో ఏమైనా ఉందేమోనని మూత తీసి చూశాను. లేదు. అత్త ఆ డబ్బాలో బియ్యం పోసుకున్నది. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని పెద్దకడుబూరు బస్సెక్కింది. ఆమెకు అది పండగ. ఇన్నేళ్ల తర్వాత మొదటిసారి తన కూటి కోసం గొర్రెలను అమ్మడానికి పోతోంది.

కాపరి అప్పటికి ముసలివాడయ్యాడు. హొళగుంద వైపు మనిషి, సగం కన్నడంలో మాట్లాడేవాడు. మందలో చెవి కోత ఉన్నవాటిని పక్కకు తోలి చూపించాడు. నల్లరేగడి చేలో అవన్నీ తల వంచుకుని మేస్తుంటే అత్త పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. దగ్గు ఆపుకోవడానికి అనుకున్నాను. కాదు, ఏడుస్తోంది.

"అమ్మేద్దామప్పా," అన్నది చివరికి.

కాపరి తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. "బ్యాడమ్మా, వద్దు. అమ్మోరి జీవాలు అమ్మేకి నేనెవురు? నువ్వెవురు? మేపమంటే సచ్చేదాంక మేపుతా. ఇన్ని దినాలు పొట్టేల్లను మార్చి ఆడవాటిని తెచ్చినా అవి అమ్మోరి మందలోకే వచ్చె. అమ్ముకొని తినేది మాత్రం నా చేత కాదు."

"అది తమ్మునికి బయపడి చెప్పిన మాటప్పా!"

"చెప్పింది అమ్మోరి ముందర గదమ్మా," అన్నాడు. అతని మొహంలో కపటం ఏమీ లేదు. అదే అసలు చిక్కు. మోసగాడైతే కొట్లాడవచ్చు, నిజాయితీపరుడితో ఏం చేస్తాం?

దొంగలు పడకుండా ఇంటికి తాళం వేసి, తాళంచెవి బావిలో పారేసినట్టయింది మా అత్త పని. ఆదోనికి తిరిగి వచ్చే బస్సులో మంత్రాలయం నుంచి వచ్చే యాత్రికులు పాటలు పాడుతున్నారు. ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చున్నది. "నా కూడురా అది," అని ఒక్క మాట అన్నది.

ఈ వార్త నాకంటే ముందే ఎమ్మిగనూరు చేరింది. ఆ ఏడే మళ్లీ దేవర. చిన్నాయన పెద్దమనుషులను కూడగట్టాడు. అమ్మవారి గొర్రెలు అమ్మవారికే చెందాలి, ఈసారి దేవరలో మందంతా బలిచ్చి ఊరికంతా భోజనాలు పెట్టాలి అన్నాడు. పన్నెండేళ్లకు పైగా నోట్లో ఊరిన నీళ్లన్నీ ఆ మాటలో ఉన్నాయి. అత్తతో మాత్రం మెత్తగా, "నీ మంచికే చెప్తుండానక్కా. అమ్మోరి సొత్తు అమ్ముకుంటే కండ్లు పోతాయి. నీకి కూడు నేను పెట్టనా ఏమి?" అన్నాడు. అతని ఇంట్లో కూడు ఎట్లా ఉంటుందో మా తాతను అడిగితే తెలుస్తుంది. పెద్దమనుషులు కూడా ఆలోచించి ఆలోచించి, ధర్మం అదే అన్నారు. ఉచిత భోజనం దగ్గర ధర్మం చాలా స్పష్టంగా కనపడుతుంది.

దేవర రోజు గుడి ముందు డప్పులు మోగుతున్నాయి. పెద్దమనుషుల మాట కాదనలేక కాపరి కూడా మందను ఊరి బయటికి తోలుకొచ్చి, దిగులుగా కూర్చున్నాడు. కత్తులు నూరుతున్నారు. చిన్నాయన పెద్ద పెద్ద గుండిగలు అద్దెకు తెచ్చి కడిగిస్తున్నాడు. అంత పనిమంతుడని అంతవరకు మాకెవరికీ తెలియదు.

అప్పుడు ఆడవాళ్ల మధ్యలోంచి ఒక కేక వినిపించింది. చూస్తే మా అత్త. ముడి విప్పేసింది. ఫ్యాక్టరీవాళ్లిచ్చిన కొత్త చీర కట్టుకుని, కళ్లు పెద్దవి చేసి, ఊగుతూ నడుచుకుంటూ వస్తోంది. జనం దారి ఇచ్చారు. పూజారి చేతులు జోడించాడు. నేను మాత్రం నోరు తెరుచుకుని నిలబడిపోయాను.

"ఎవుర్రా నా గొర్రెలు కోసేకి కత్తులు నూరుతుండేది?"

పూజారి వణుకుతూ, "నీ కోసమే తల్లీ," అన్నాడు.

"నేనడిగితినా? మందంతా కావల్లని నేనడిగితినా?"

"లేదు తల్లీ."

"తినేటోల్ల నుంచి కాపాడమని అది నన్నడిగె. కాపాడితిని. ఇంగ దానికి సేతకాదు. దాని జీవాలు దానికి ఇడిసిపెడుతుండా. నాకి ఒగ పొట్టేలు సాలు." అమ్మవారు చూపు తిప్పి చిన్నాయన దగ్గర ఆపింది. "అది దాని తమ్ముడు కొనియ్యల్ల. సొంత దుడ్డుతో."

చిన్నాయన చేతిలోని గరిటె జారింది. "తల్లీ, నా దగ్గిర దుడ్డు యాడుండాది?"

"నీ పెండ్లాం ట్రంకుపెట్టెలో, పట్టుసీర మడతలో ఉండాది!"

జనం ఘొల్లున నవ్వారు. చిన్నమ్మ మొగుడి వైపు చూసిన చూపుకు అమ్మవారు కూడా ఒక అడుగు వెనక్కి వేసింది. నేను పక్కకు తిరిగి రుమాలు నోట్లో కుక్కుకున్నాను.

అంతలో అమ్మవారికి దగ్గు వచ్చింది.

రెండు పొడి దగ్గులు, ఒక ఈల, మళ్లీ ఒక దగ్గు. ఆపుకోబోయింది, ఆగలేదు. నడుము వంగిపోయింది, కళ్లలో నీళ్లు కారుతున్నాయి. డప్పులవాళ్లు కొట్టడం ఆపేశారు. ఆ వీధిలో పుట్టి పెరిగిన మనిషి దగ్గు అది. ఎవరిదో తెలియనివాళ్లు అక్కడ లేరు. పత్తి పనికి పోయే ఆడవాళ్లు చాలామంది ఉన్నారు ఆ గుంపులో. వాళ్లలో ఎవరూ నవ్వలేదు. అంతసేపూ తమాషా చూస్తున్నవాణ్ణి, ఆ దగ్గు ఎక్కడినుంచి వచ్చిందో తెలిసి తల వంచుకున్నాను.

పూజారి ఒక నిమిషం ఆమెనే చూశాడు. పూనకం దిగడానికి నిమ్మకాయ కోస్తారు. ఆయన నిమ్మకాయ పక్కన పెట్టి, చెంబుతో నీళ్లు తెచ్చి తాగించాడు. వీపు నిమిరాడు. తర్వాత జనం వైపు తిరిగి, "తల్లి చెప్పింది, అయిపోయింది. మందను తోలుకొని పోండి," అన్నాడు. పెద్దమనుషులు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని తలలూపారు. కాపరి అయితే అక్కడే సాష్టాంగపడ్డాడు. చిన్నాయన సంతకు పోయి, బేరమాడి బేరమాడి, ఉన్నవాటిలో బక్క పొట్టేలును తెచ్చాడు. చిన్నమ్మ దాన్ని వెనక్కి పంపించి బలిసినదాన్ని తెప్పించింది.

గొర్రెలను అమ్మాము. ఒక ఆడ గొర్రెపిల్లను మాత్రం, పసుపు పూసి, నిజంగానే అమ్మవారి పేరున మందలో ఉంచింది అత్త. "ఏంటికన్న మంచిది," అన్నది. వచ్చిన డబ్బును ఈసారి నా మాట విని పోస్టాఫీసులో, నెలనెలా వడ్డీ వచ్చేటట్టు వేసింది. ఆమెకు ఇంకా అనుమానమే. మొదటి నెల వడ్డీ చేతికిచ్చినప్పుడు గుమాస్తాను, "అసలు అట్లే ఉండాదా అప్పా?" అని అడిగింది. ఉందన్నాడు. "అయితే ఇదీ ఈనుతాది," అని నా వైపు తిరిగి ఒప్పుకున్నది.

ఆ సాయంత్రమే చిన్నాయన ఖాళీ సంచితో దిగాడు.

"అది నాది కాదురా," అన్నది అత్త. "సర్కారుది. కావల్లంటే సర్కారునడుగుకో."

"అత్తా, మళ్లీనా!" అని అరిచాను.

చిన్నాయన సంచి మడిచి చంకలో పెట్టుకుని, "సర్కారుకి పూనకం రాదులే," అని, టీ తాగి పోయాడు.

అతను పోయాక, ఎన్నాళ్లుగానో కడుపులో ఉన్న మాట అడిగాను. "అత్తా, ఆ పొద్దు నిజంగానే అమ్మోరు వచ్చిందా?"

ఆమె వడ్డీ డబ్బుతో కొన్న బియ్యం చేటలో పోసుకుని రాళ్లు ఏరుతోంది. వేళ్లు ఇంకా పత్తి ఏరినంత చురుగ్గానే ఉన్నాయి. దగ్గు వచ్చింది, ఆగింది.

"వచ్చింటే అమ్మోరు, రాకుంటే నేను," అన్నది. "నా కూడు గురించి ఎవురో ఒగరు మాట్లాడల్ల గదరా."